సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ: సేఫ్టీల ఫైవ్ స్టార్ ఉన్నదని తీసుకోవచ్చా? వాడినోళ్లు జర చెప్పుండ్రి

నైంనగర్_పెద్దోడు:

అందరికి నమస్తే. పోస్టు జర పెద్దగ అయితది, ఏమనుకోవద్దు. మాది హన్మకొండ, నైంనగర్. మా బాపుకు బైపాస్ అయ్యి రెండేండ్లు దాటింది, నెలకు రెండుసార్లు చెకప్‌కు హైదరాబాద్ తీస్కపోవాలె, అమ్మ లేకుంట బాపు గడప దాటడు కాబట్టి ముగ్గురం పోవుడే. ఇప్పుడున్నది పన్నెండేండ్ల కింద కొన్న చిన్న బండి.

పోయిన కార్తీకంల ఏమైందంటే, హైదరాబాద్ నుంచి తిరిగొస్తున్నం, రాత్రి ఎనిమిదిన్నర తొమ్మిది నడుమ, రఘునాథపల్లి దాటినంక ఛాయ్ తాగుదామని సర్వీస్ రోడ్డుకు దిగిన. అక్కడ రోడ్డు మీద వడ్లు ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి, నల్ల పట్టా కప్పి చుట్టు రాళ్లు పెట్టిండ్రు. ఎదురుంగ లారీ లైట్లు కండ్లల్ల కొడుతున్నయ్, నల్ల పట్టా నల్ల రోడ్డు కలిసిపోయినయ్, కనవడేసరికి బ్రేక్ మీద నిలవడ్డ గని అప్పటికే ఎడమ టైరు కుప్ప ఎక్కింది, బండి తిరిగిపోయి కల్వర్టు గోడకు తగిలింది. నేను, బాపు ముందట బెల్టు పెట్టుకోని ఉన్నం, మాకు గీతలు తప్ప ఏం కాలే. అమ్మ వెనక కూసున్నది, బెల్టు లేదు, వచ్చి ముందు సీటుకు కొట్టుకున్నది, భుజం కాడి ఎముక విరిగి నెలన్నర చెయ్యి మెడకు కట్టుకోని ఉన్నది. రైతును ఒక్క మాట అనలే నేను. కల్లం జాగ ఉంటె వాళ్లు మాత్రం రోడ్డు మీద ఎందుకు పోస్తరు.

అప్పటి నుంచి నాకు ఒకటే పట్టు, పైసలు పోయినా సరే గట్టి బండి కొనాలె అని. హైదరాబాద్‌ల ఒక డీలర్ దగ్గర 2019 మోడల్ వోల్వో ఎక్స్‌సీ60 డీజిల్ చూసిన, 64 వేల కిలోమీటర్లు తిరిగింది, 29 లక్షలు చెప్తున్నడు. డీలర్‌ను ఏది అడిగినా "సార్ ఇది ఫైవ్ స్టార్" అనే అంటున్నడు. మా ఇంటామె ఏమంటదంటే అదే పైసలకు మన దగ్గరి కొత్త ఫైవ్ స్టార్ బండే వస్తది, వారంటీ ఉంటది, పాతది నెత్తికెత్తుకునుడు ఎందుకని. నాకు తెల్వక అడుగుతున్న, బండిని గుద్దిచ్చి చూసి సేఫ్టీకి ఇచ్చే ఈ స్టార్లు నిజంగ ఎంతవరకు నమ్మాలె? ఇసొంటి పెద్ద బండ్లు వాడినోళ్లకు ఏమేం తిప్పలు వచ్చినయ్? వరంగల్‌ల ఉండి మెయింటెయిన్ చేసుడు అయితదా?


ఎన్‌ఐటీ_పాత_విద్యార్థి:

అన్నా, ముందు అమ్మ ఎట్లున్నరు ఇప్పుడు? చదువుతుంటెనే మనసుకు ఎట్లనో అయ్యింది.

స్టార్ల సంగతి నాకు తెలిసింది చెప్త. మీరు చూసిన ఎక్స్‌సీ60 రెండో తరం బండి, దానికి 2017ల యూరో ఎన్‌క్యాప్ (యూరప్‌ల బండ్లను గుద్దిచ్చి సేఫ్టీ టెస్టు చేసే సంస్థ) ఫైవ్ స్టార్ ఇచ్చింది, పెద్దవాళ్ల రక్షణకు 98 శాతం, పిల్లలకు 87, రోడ్డు మీద నడిచేటోళ్లకు 76, డ్రైవర్‌కు సాయం చేసే సిస్టమ్స్‌కు 95. చాలా మంచి నంబర్లు అవి, డీలర్ అబద్ధం చెప్తలేడు. గని ఆ రేటింగ్ 2017 నాటి రూల్స్ ప్రకారం ఇచ్చింది. యూరో ఎన్‌క్యాప్ ఎప్పటికప్పుడు టెస్టులు కఠినం చేసుకుంట పోతది, 2020 నుంచైతే ఎదురుంగ 1400 కిలోల కదిలే బారియర్‌ను 50 స్పీడ్‌ల తెచ్చి గుద్దిస్తున్నరు, బండి కూడ 50 మీద పోతుంటది. అందుకే ఆరేండ్లు దాటిన రేటింగ్‌ను గడువు అయిపోయిన దాని కిందనే లెక్కేస్తరు. అంటె పాత బండి పాడైందని కాదు, 2017 ఫైవ్ స్టార్‌ను, ఈ ఏడాది ఫైవ్ స్టార్‌ను పక్కపక్కన పెట్టి చూడొద్దు అంతే. ఇంకోటి, అక్కడ గుద్దిచ్చింది యూరప్‌ల అమ్మే బండిని. అదే పేరుతోని ఇక్కడ వచ్చే వేరియంట్‌ల రాడార్ బ్రేకింగ్ (ముందట అడ్డం కనవడితె బండి తనంతట తనే బ్రేకేసేది) అసొంటివి ఉన్నయా లేదా ఆ బండి ఫీచర్ల లిస్టు చూసే తెలుసుకోవాలె, పేరు చూసి కాదు.

ఇసొంటి టెస్టే మన దేశంల భారత్ ఎన్‌క్యాప్ పేరుతోని 2023 అక్టోబర్ 1 నుంచి నడుస్తున్నది. ముందు నుంచి 64 స్పీడ్‌ల, పక్క నుంచి 50ల గుద్దిచ్చి చూస్తరు, పెద్దల రక్షణకు 32 పాయింట్లు, పిల్లలకు 49. ఫైవ్ స్టార్ రావాలంటె పెద్దలకు కనీసం 27, పిల్లలకు 41 రావాలె, దానికి తోడు పక్క నుంచి స్తంభానికి గుద్దే టెస్టు 29 స్పీడ్‌ల ఉంటది. టాటా హారియర్, సఫారీ మొదటగ తెచ్చుకున్నయ్ ఫైవ్ స్టార్. కాబట్టి వదినె చెప్పింది కొట్టిపారేసే మాట కాదు.

గని మీ పోస్టు చదివినంక నాకు అన్నిటికన్నా పెద్దగ అనిపించింది వేరే. మన టెస్టుల ముందు నుంచి గుద్దినప్పుడు టెస్టు కోసం మనుషుల జాగల కూసోబెట్టే పెద్దమనుషుల బొమ్మలు ముందు రెండు సీట్లల్లనే ఉంటయ్, వెనక పెట్టేది ఏడాదిన్నర, మూడేండ్ల పిల్లల బొమ్మలు. అంటె అమ్మ కూసునే సీటుల పెద్దమనిషి కూసుంటె ఏమైతదో ఆ స్టార్లు చెప్పయ్. యూరో ఎన్‌క్యాప్ 2015 నుంచి గోడకు నేరుగ గుద్దే టెస్టుల చిన్న ఆకారం ఉన్న ఆడమనిషి బొమ్మను వెనక సీటుల కూడ కూసోబెడుతున్నది. అమెరికాల బండ్ల సేఫ్టీ టెస్టు చేసే ఐఐహెచ్ఎస్ సంస్థ వాళ్లు కూడ 2022ల వెనక సీటు మీద టెస్టు మొదలుపెట్టిండ్రు. అందుకే బండి చూసేటప్పుడు వెనక బెల్టులకు ప్రీటెన్షనర్, లోడ్ లిమిటర్ ఉన్నయా అడుగుండ్రి. ప్రీటెన్షనర్ అంటె గుద్దిన క్షణంల బెల్టును గుంజి పట్టేది, లోడ్ లిమిటర్ అంటె ఆ తర్వాత పక్కటెముకల మీద ఒత్తిడి మరీ ఎక్కువ కాకుంట కొంచెం వదిలేది. ముందు సీట్లకు దాదాపు అన్ని కొత్త బండ్లల్ల ఉంటయ్, వెనక సీట్లకు కొన్నింటికే.

అసలు ఆ బొమ్మలన్నిటికి బెల్టు పెట్టి ఉంటదన్నా. బెల్టు లేనిది ఏ స్టారూ పనిచెయ్యది. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్ర పాల్ఘర్ దగ్గర టాటా గ్రూప్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది లగ్జరీ ఎస్‌యూవీలనే, ముందు సీట్ల ఇద్దరు గాయాలతోని బతికిండ్రు, వెనక ఇద్దరు పోయిండ్రు, వెనకోళ్లు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పిండ్రు.

ఇంకొక మాట. 2020 మార్చిల వోల్వో తన బండ్లు ఏడు లక్షలకు పైగా వెనక్కి పిలిచింది, 2019 జనవరి నుంచి తయారైనయి, ఆటోమేటిక్ బ్రేకింగ్ సాఫ్ట్‌వేర్ సమస్య, ఎక్స్‌సీ60 కూడ అందుల ఉన్నది. మీరు చూసింది 2019 మోడల్ కాబట్టి దాని ఛాసిస్ నంబర్ ఇచ్చి ఆ అప్‌డేట్ చేసిండ్రా లేదా కంపెనీ సర్వీస్ సెంటర్‌ల అడుగుండ్రి. అది ఉన్నా కూడ వడ్లకుప్పను చూసి బండి తనంతట తనే ఆగుతదని అనుకోవద్దు, ఆ కెమెరాలకు నేర్పింది కార్లను, మనుషులను, సైకిల్ మీద పోయేటోళ్లను గుర్తుపట్టుడు. మీకు ఆ రాత్రి అక్కరకొచ్చేది మంచి హెడ్‌లైటే.


సుబేదారి_డాక్టరమ్మ:

తమ్ముడూ, నేను 2021లో కొత్తది తీసుకున్నాను, పెద్ద లగ్జరీ ఎస్‌యూవీ, డీజిల్, బీఎస్6 (పొగ కాలుష్యం కొత్త రూల్స్ ప్రకారం తయారైంది). కంపెనీ పేరెందుకు గానీ నాలుగేళ్ల అనుభవం చెప్తాను, కొనేముందు నాకు ఇవి ఎవరూ చెప్పలేదు.

మొదటిది డీజిల్ ఫిల్టర్. బీఎస్6 డీజిల్ బండ్లకు సైలెన్సర్ లైన్‌లో ఒక ఫిల్టర్ ఉంటుంది, మసి అంతా దాంట్లో చేరుతుంది, అది బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోయి క్లీన్ అవుతుంది. నాకు రోజూ సుబేదారి నుంచి హాస్పిటల్, హాస్పిటల్ నుంచి ఇల్లు, పోనురాను ఎనిమిది కిలోమీటర్లు, హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో ఇంజన్ వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది. ఏడో నెలకే ఫిల్టర్ నిండిందని మెసేజ్, పట్టించుకోలేదు, తర్వాత బండి పికప్ పడిపోయి నలభై దాటడం మానేసింది, ట్రక్కు మీద హైదరాబాద్ పంపాల్సి వచ్చింది. క్లీనింగ్ సగంలో ఇంజన్ ఆపేస్తూ ఉంటే డీజిల్ కొంచెం కొంచెం ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుందని అక్కడే తెలిసింది, ఆయిల్ కూడా ముందుగానే మార్చాలి. ఇప్పుడు పది రోజులకోసారి ఆదివారం పొద్దున స్టేషన్ ఘన్‌పూర్ దాకా ఆగకుండా ఒకే స్పీడ్ మీద వెళ్లి వస్తాను, ఆ తర్వాత మళ్లీ ఆ మెసేజ్ రాలేదు. నీకు నెలకు రెండుసార్లు హైదరాబాద్ ప్రయాణం ఉంది కాబట్టి ఈ బాధ తక్కువే, మిగతా రోజులు బండి ఊళ్లోనే తిరిగేదైతే మాత్రం ఆలోచించుకో, పెట్రోల్ అయితే ఈ బాధ దాదాపు ఉండదు.

రెండోది ఎవరూ ఊహించనిది, పైన అద్దం. మా ఇంటి ముందు వేపచెట్టు, బండి దాని కిందే పెడతాం. సన్‌రూఫ్ చుట్టూ నీళ్లు పోవడానికి సన్నటి గొట్టాలు ఉంటాయి, నాలుగు మూలల నుంచి కిందికి దిగుతాయి. 2023 జులై వానలు గుర్తున్నాయిగా, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 64 సెంటీమీటర్లు పడ్డప్పుడు, మా వీధిలోనూ మోకాలు దాకా నీళ్లు. బండి ఎత్తు మీద ఉంది కాబట్టి కింద నుంచి నీళ్లు రాలేదు, హమ్మయ్య అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత డోర్ తీస్తే కుళ్లిన గోనెసంచి వాసన. కార్పెట్ నొక్కితే స్పాంజి నొక్కినట్టు నీళ్లు ఊరాయి. ఆ గొట్టాల్లో వేపాకు ఈనెలు, వేపకాయ గింజలు ఇరుక్కుని నీళ్లు లోపలికి దిగాయి. సీటు కింద ఉండే కంట్రోల్ బాక్సు తడిసి, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతూనే ఉండేది. చూడు, అంత సేఫ్టీ ఉన్న బండిలో ఎయిర్‌బ్యాగ్‌ల మీద నమ్మకం పోయేలా చేసింది వేపాకు చెత్త. ఇన్సూరెన్స్ వాళ్లు అది వరద నష్టం కాదు, మెయింటెనెన్స్ లోపం అన్నారు, లక్ష దాటింది. ఇప్పుడు ప్రతి మృగశిర కార్తెకు ముందే గొట్టాలు గాలి కొట్టించి, చెంబుతో నీళ్లు పోసి కింద టైరు దగ్గర కారుతున్నాయా లేదా నేనే చూసుకుంటాను.

ఎయిర్ సస్పెన్షన్ గురించి కూడా ఒక మాట, అందులో స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులు ఉంటాయి, అవి పాతబడితే గాలి మెల్లగా దిగుతుంది, పొద్దున లేచేసరికి బండి ఒక మూల కుంటుతున్న గొడ్డులా ఒంగి ఉంటుంది. దాన్ని అలాగే తోలితే కంప్రెసర్ కూడా పోతుంది.

ఇక వృత్తిరీత్యా చెప్పాల్సింది. రాత్రిళ్లు యాక్సిడెంట్ కేసులు వచ్చినప్పుడు నేను అడిగే మొదటి మాట ఎక్కడ కూర్చున్నారు, బెల్టు ఉందా అని. వెనక బెల్టు లేకుండా కూర్చున్న మనిషి తనకు మాత్రమే కాదు, ముందు కూర్చున్న వాళ్లకూ ప్రమాదం, ఆ బరువంతా వచ్చి ముందు సీటు వీపు మీద పడుతుంది. మీ ముందు సీట్లో కూర్చునేది బైపాస్ అయిన నాన్నగారు. ఛాతీ ఎముక కోసి అతికిన మనిషి. ఆయన కోసమైనా అమ్మ బెల్టు పెట్టుకోవాలి. కొంతమంది ఆపరేషన్ కుట్ల మీద ఒత్తుతుందని బెల్టు తీసేస్తారు, రెండేళ్లయ్యాక ఆ భయం అక్కర్లేదు, మరీ ఇబ్బందైతే చిన్న టవల్ మడిచి మధ్యలో పెట్టుకోమను. తీసేయడం మాత్రం వద్దు.


కాజీపేట_గ్యారేజ్_కాక:

తమ్మీ, డాక్టరమ్మ చెప్పింది పూరా నిజం, సన్‌రూఫ్ బండ్లు వానకాలంల నా కాడికి వారానికొకటి వస్తది.

నేను ముప్పయ్యేండ్ల సంది ఇదే పని చేస్తున్న. పాత బండి కొనేటప్పుడు దాని స్టార్లు పక్కకు పెట్టు, ఆ స్టార్లు కొత్త బండివి. నీ చేతికొచ్చే బండిల ఆ సామానంత ఇంక ఉన్నదా లేదా సూసుకోవాలె. ఒకపారి గట్టిగ గుద్దుకున్న బండిల ఎయిర్‌బ్యాగులు పేలిపోతయ్, లగ్జరీ బండికి అవి మల్ల ఏపియ్యాలంటె మస్తు ఖర్చు, అందుకే కొందరు లోపట ఏం పెట్టకుంట పైన మూత అతికిచ్చి అమ్ముతరు. ఎట్ల తెలుస్తదంటె, తాళం ఆన్ చేసినప్పుడు మీటర్ మీద ఎయిర్‌బ్యాగ్ బొమ్మ లైటు ఎలగాలె, నాలుగైదు సెకండ్లల్ల ఆరిపోవాలె. ఎలిగి ఆరకుంట ఉంటె సమస్య ఉన్నది. అసలు ఎలగకుంటె ఇంక పెద్ద సమస్య, లైటు పనిచెయ్యకుంట చేసిండ్రన్నట్టు. మిగతా లైట్లతోని కలిపి వైరు ఏసి మోసం చేసేటోళ్లు సుత ఉన్నరు, అందుకే బండి కంప్యూటర్‌ల ఉన్న తప్పులు చదివే స్కానర్ పెట్టి సూడకుంట అడ్వాన్సు ఇయ్యకు.

బెల్టు మొత్తం బయటికి గుంజు. సగం గుంజి వదిలిపెడితె కాదు, ఆఖరుదాంక గుంజు. అడుగున బురద మరకలు, ఎండిన మట్టి గీత కనవడ్డదంటె బండి నీళ్లల్ల మునిగి లేసింది. షాపోడు సీట్లు కడుగుతడు, కార్పెట్ మారుస్తడు, బెల్టు సుట్ట లోపటి దాంక ఎవడు కడగడు. బెల్టు మీద చీటి ఉంటది, దాని మీది ఏడాది బండి ఏడాదితోని కలవాలె, కలవకుంటె ఎందుకు మార్చిండ్రో అడుగు. గుంజితె బిగుసుకపోయి రాకుంటె అది ఒకపారి పేలిన బెల్టు.

టైరు పక్కన నాలుగంకెలుంటయ్, 2319 అని ఉన్నదనుకో, 2019ల ఇరవైమూడో వారం తయారైందని. తక్కువ తిరిగిన బండ్లకు గుండీలు మంచిగనే కనవడ్తయ్ గని రబ్బరు ఎండిపోయి ఉంటది, మన ఎండలకు మే నెల హైవే మీద పేలేటియి అయే. కొన్ని బండ్లకు రన్‌ఫ్లాట్ టైర్లుంటయ్, స్టెప్నీ ఉండదు, పంచరైనా 80 స్పీడ్ మీద 80 కిలోమీటర్లు పోవచ్చంటరు. హైదరాబాద్ రోడ్డుకు సరిపోతది. గని ఏటూరునాగారం దిక్కు పోయినప్పుడు గుంతల పక్కగోడ కోసుకపోతె ఆ ఊర్లల్ల ఆ సైజు టైరు ఎవని కాడ దొరకదు, ట్రక్కు పిలువుడే.

రీకాల్ సంగతి, అంటె కంపెనీ బండ్లను వెనక్కి పిలిచి తప్పు సరిచేసుడు, సుత జర పట్టించుకోవాలె. ఎన్‌ఐటీ తమ్ముడు చెప్పింది ఒకటి, మొదటి తరం ఎక్స్‌సీ60 ఎవలన్న కొనేటోళ్లుంటె 2020ల ముందు సీటు బెల్టుల స్టీలు వైరు కొరకు ఇంకో పెద్ద రీకాల్ అయ్యింది, లోకం మొత్తం మీద 21 లక్షల బండ్లు. అన్ని కంపెనీలకు ఇసొంటియి ఉన్నయ్, టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగులైతె కోట్ల బండ్లల్ల మార్చిండ్రు, మన లెక్క ఎండ, ఉక్కపోత ఉన్న జాగల్లనే ఎయిర్‌బ్యాగును ఉబ్బిచ్చే లోపటి మందు తొందరగ పాడయ్యేది. రీకాల్ వచ్చిన కంపెనీ చెడ్డదని కాదు, తప్పు తెలిసి పిలుస్తున్నదని. పిలిచినా పోని బండే చెడ్డది. మొదటి ఓనర్ అమ్మేసినంక ఆ ఫోను, ఆ మెసేజు పాతోనికే పోతయ్, కొత్తోనికి తెల్వదు. పదిహేడు అంకెల ఛాసిస్ నంబర్ రాసుకోని పో, ఉత్తగనే చెప్తరు, రీకాల్ పనికి పైసలు తీసుకోవద్దు.

ఇంకొకటి, దయచేసి ముందట బుల్ గార్డు (బంపర్ ముందు బిగిచ్చే ఇనుప కడ్డీలు) ఏపియ్యకు. 2017ల కేంద్రమే వద్దన్నది. బండి ముందు భాగం నలగాలె, నలిగితెనే దెబ్బ లోపటికి రాదు. గార్డు ఉంటె నలగది, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ సుత లెక్క తప్పుతది. సీటు పక్క నుంచి ఎయిర్‌బ్యాగ్ వచ్చే బండ్లకు మందపు సీట్ కవర్లు ఏసుడు సుత అసొంటిదే. నీ పాత బండికి సీట్ కవర్లు ఉన్నయా? వెనక బెల్టు బకిళ్లు పైన ఉన్నయా, కవర్ కిందికి తోసిండ్రా? ఒకపారి సూడు.


మడికొండ_ప్రయాణం:

నేను ఇసొంటి లగ్జరీ బండే మూడేళ్లు వాడి అమ్మేసిన. బండి రోడ్డు మీద పట్టు అద్భుతం, 120 మీద కూడ కప్పుల ఛాయ్ తొణకది. గని వారంటీ అయిపోయినంక నిద్ర పోయింది. కూలెంట్ ప్లాస్టిక్ పైపు లీకు, 48 వోల్టుల బ్యాటరీ, ప్రతిదానికి హైదరాబాదే, బండి ఇచ్చి బస్సుల తిరిగొచ్చుడు, మళ్లా బస్సుల పోయి తెచ్చుకునుడు. పేషెంట్ ఉన్న ఇంట్ల బండి వారం రోజులు సర్వీస్ సెంటర్‌ల ఉంటె ఎట్ల? రెండో బండి ఇంట్ల ఉంటెనే తీసుకో అన్నా. లేకుంటె వదినె మాటే కరెక్టు.


నైంనగర్_పెద్దోడు:

అందరికి చేతులెత్తి దండం పెడుతున్న. ఇంత వివరంగ ఎవరు చెప్తరు.

మొన్న శనివారం మళ్ల పోయిన ఆ డీలర్ కాడికి. కాక చెప్పినట్టు డోర్ వేసుకోని తాళం ఆన్ చేసి మీటర్ మీదనే కండ్లు పెట్టి చూసిన. అన్ని లైట్లు ఎలిగినయ్, ఎయిర్‌బ్యాగ్ బొమ్మ ఎలగలే. నా భ్రమ కావచ్చని మూడుసార్లు చేసిన. ఎలగలే. కుడిదిక్కు ముందు బెల్టు ఆఖరుదాంక గుంజిన, దాని మీద చీటిల 2022 అని ఉన్నది, బండేమో 2019. స్కానర్ తోని మనిషిని తెచ్చుకుంట అంటె డీలర్ "మా దగ్గర చెక్ అయిపోయింది సార్, మళ్లా ఎందుకు" అన్నడు. ఇగ నేను ఏం అనలే, లేచి వచ్చిన. ఆ బండిల మా అమ్మను కూసోబెట్టేటోన్ని కదా అని ఆలోచిస్తె దారి పొడుగున కాళ్లు వణికినయ్.

ఇంటికొచ్చి చేసిన మొదటి పని ఇప్పుడున్న బండి వెనక సీట్ కవర్ విప్పుడు. కాకా, నువ్వు అడిగింది నిజమే. మూడు బకిళ్లు కవర్ కిందనే ఉన్నయ్, పన్నెండేండ్ల సంది. కొన్న రోజే షాపోడు సీట్ కవర్ వేసినప్పుడు కిందికి తోసిండు, మేమెవరం చూసుకోలే. ఆ రాత్రి అమ్మ పెట్టుకుందామన్నా దొరికేది కాదు. ఒక బకిల్‌ల బఠాణి గింజ ఇరుక్కోని ఉన్నది, పిన్నుతోని తీసి, గుడ్డ పెట్టి తుడిచి, లోపట నొక్కి చూస్తె టక్కున పట్టింది. కవర్ కోసేసిన.

ఇప్పుడు అమ్మ బండి స్టార్ట్ కాకముందే పెట్టుకుంటున్నది, బకిల్ కనవడకుంటె నన్ను పిలుస్తది.

కొత్తదా పాతదా ఇంక తేల్చుకోలే. కొత్త బండ్లు రెండు చూసినం, వెనక బెల్టుల గురించి అడిగితె షోరూం పిలగానికి తెల్వదు, కనుక్కోని చెప్తనన్నడు. ఇంకోదిక్కు కరీంనగర్‌ల ఒక ఓనర్ దగ్గర పెట్రోల్ బండి ఉన్నది, మొదటి నుంచి సర్వీస్ బిల్లులన్ని ఉన్నయంట, స్కానింగ్ అంటె సంతోషంగ ఒప్పుకున్నడు, బండి తనే తీసుకొస్తనన్నడు. కాకా, ఆదివారం గ్యారేజ్‌ల ఉంటవా?


కాజీపేట_గ్యారేజ్_కాక:

ఉంట తమ్మీ. పొద్దుగాల ఎనిమిదింటికల్ల రమ్మను, ముందురోజు రాత్రే వచ్చి కాజీపేటల పెట్టుకుంటె ఇంక మంచిది, ఇంజన్ చల్లగ ఉన్నప్పుడే స్టార్ట్ చేసి సూడాలె. స్కానర్ నా కాడ ఉన్నది. అమ్మను సుత తీస్కరా, వెనక సీటుల కూసోబెట్టి బెల్టు భుజం మీద సక్కగ వస్తుందా, మెడకు తగులుతుందా సూద్దం.